మందు లేని మందు

ఆ పొద్దున సమత వేసుకున్న ప్లాను చాలా చిన్నది. అత్తగారి నాలుక మీద ఒక తెల్లటి పొర ముక్క పెట్టాలి, అది ఎలా కరుగుతుందో చూడాలి, తర్వాత ఉప్మా తిని మొయినాబాద్‌లోని ల్యాబుకు పోవాలి. ఇంత చిన్న ప్లాను పోయి పోయి పెద్దచెలక సర్పంచ్ ఎన్నికలో దూరుతుందని, ఫ్లయింగ్ స్క్వాడ్ బండిని ఊరి నడిమధ్యకు లాక్కొస్తుందని ఆమెకు ఎవరు చెప్తారు?

ముందు ఆ పొర సంగతి చెప్పుకోవాలి. సమత పనిచేసే ల్యాబులో సన్నటి సూదిలోంచి జిగురులాంటి ద్రవాన్ని వదిలి, దానికి వేల వోల్టుల కరెంటు పెడతారు. ఆ దెబ్బకు ద్రవం సాగి సాగి, వెంట్రుక కన్నా వందల రెట్లు సన్నటి పోగులై, తిరిగే డ్రమ్ము మీద తెల్లటి బట్టలా పేరుకుంటుంది. ఆ పోగుల్లో మందు కలిపితే నాలుక మీద పెట్టీ పెట్టగానే తడి తగిలి కరిగిపోతుంది. మందు నోటి లోపలి చర్మంలోంచే నెత్తురులోకి చేరుతుంది. మింగే పని లేదు, నీళ్ల పని లేదు. మామగారు యాదయ్య దీన్నంతా ఊళ్లో ఒక్క ముక్కలో తేల్చేవాడు: "మా కోడలు కరెంటు పెట్టి మందును నూలు లెక్క వడుకుతది." ఇంత బాగా ఆ ల్యాబు పెద్ద మేఘ మేడమ్ కూడా ఎన్నడూ చెప్పలేదు.

ల్యాబు వాళ్లు తయారుచేస్తున్నది వాంతుల మందు పొర. అది ఇంకా పరీక్షల్లోనే ఉంది, గేటు దాటి బయటికి రావడానికి వీల్లేదు. కానీ మందు కలపని ఖాళీ పొర ఉంటుంది కదా, తినడానికి పనికొచ్చే జిగురు, కాస్త తీపి, కాస్త పుదీనా వాసన తప్ప మరేమీ లేనిది, దాన్ని ఇంట్లో పెద్దవాళ్ల నోట్లో పెట్టి చూడమని మేఘ మేడమే ఇచ్చి పంపింది. ల్యాబులో ఉన్నవన్నీ కుర్ర నోళ్లు. వయసు మళ్లిన నోట్లో తడి తక్కువ. అక్కడ పొర సాఫీగా కరుగుతుందా, అంగిలికి అతుక్కొని సతాయిస్తుందా అన్నది తేలాలి. సమత స్టీలు టిఫిన్ డబ్బా నిండా ఖాళీ పొర తెచ్చుకుంది. ఆ ఇంట్లో చేతికందే పెద్ద నోరు శకుంతలమ్మదే. పెద్ద నోరంటే వయసులో పెద్దదని. ఆమె గొంతు పెంచగా ఊరు ఇంతవరకు వినలేదు.

సమత భర్త శశిధర్ కూడా ఉన్నాడు గానీ, ఎయిర్‌పోర్టులో రాత్రి డ్యూటీ చేసి పగలంతా నిద్రపోయే మనిషి కాబట్టి ఈ కథలో లేవడు.

శకుంతలమ్మ ఇప్పుడు సర్పంచ్ అభ్యర్థి. సీటు మహిళలకు వచ్చింది, యాదయ్య వెంటనే భార్యతో నామినేషన్ వేయించాడు. పోస్టరు మీద యాదయ్య ఫొటో పెద్దది, శకుంతలమ్మ ఫొటో చిన్నది, వాళ్ల గుర్తు కత్తెర ఈ రెంటికీ మధ్య సైజు. అవతల ఉంగరం గుర్తు మీద యాదయ్య చిన్నాయన కొడుకు బాలరాజ్ తన భార్య ప్రవీణను నిలబెట్టాడు. అక్కడి పోస్టరు సంగతీ అదే. అయితే శకుంతలమ్మ మాత్రం లోపల ఒకటి గట్టిగా అనుకుంది. బడి ముందు మురుగు పారే మోరీ ఉంది, దానికి మూత లేదు. పిల్లలు దాని మీంచి దూకి బడికి పోతారు, దూకలేనివాళ్లు అందులో పడతారు. తను గెలిస్తే ముందుగా దాని మీద బండలు పరిపించాలి. గెలిచేది తను, దగ్గర నిలబడి పరిపించేది తను. ఆ ఒక్క పనైనా యాదయ్య భార్యగా కాకుండా శకుంతలమ్మగా చేయాలి. ఈ మాట కోడలికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

అడ్డం వచ్చింది జీపు. బండి కదిలితే చాలు, శకుంతలమ్మకు కడుపులో తిప్పుతుంది. షేర్ ఆటోలో చేవెళ్లకు పోయినా దిగేదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకునే ఉంటుంది. మాత్ర వేసుకుందామంటే గొంతు దిగదు, నీళ్లతో సహా వెనక్కి వస్తుంది. ప్రచారం మొదటిరోజు ఆమెను ఓపెన్ టాప్ జీపు ఎక్కిస్తే, రెండో మలుపు కూడా తిరక్కముందే ముందు నడుస్తున్న డప్పు మీద వాంతి చేసుకుంది. బాలరాజ్ ఆ వీడియోను ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద "కత్తెర గుర్తోళ్లకు జర దూరం ఉండుండ్రి" అని రాశాడు. ఊరు రెండు రోజులు నవ్వింది. శకుంతలమ్మ ఆ రెండు రోజులూ గడప దాటలేదు.

"నువ్వు ఇంట్లనే ఉండు," అన్నాడు యాదయ్య ఆ పొద్దున, కొత్త తెల్లచొక్కా గుండీలు పెట్టుకుంటూ. "ఇయ్యాల, రేపే గద మిగిలింది. జీపు నేనెక్కుత. నీ ఫొటో పట్టుకొని నిలబడుత. జనం సమజ్ చేసుకుంటరు."

"ఎలక్షన్ల నిలబడ్డది నేనా, నా ఫొటోనా?" అంది శకుంతలమ్మ.

"గెలిస్తే కుర్చీల కూసునేది నువ్వే గదనే!"

"కుర్చీల గూడ ఫొటోనే పెడ్తవ్."

ఈ మాట ఆమె గొణుక్కున్నట్టే అంది. యాదయ్య అద్దంలో తన చొక్కాను చూసి మురిసిపోతున్నాడు, అతని చెవిన పడలేదు. సరిగ్గా అప్పుడే సమత ఒక చేత్తో టిఫిన్ డబ్బా, ఒక చేత్తో కత్తెర పట్టుకొని వచ్చింది. పొరలోంచి పోస్టల్ స్టాంపంత ముక్క కత్తిరించింది.

"అత్తమ్మా, జర నోరు తెరువుండ్రి. దీంట్ల మందు లేదు. ఉత్తగ ఎట్ల కరుగుతదో చూద్దామని."

శకుంతలమ్మ ఆ ముక్కను ఎగాదిగా చూసింది. "మీ వాంతుల మందు ఇదేనా?"

"సూస్తే దాని లెక్కనే ఉంటది గనీ, దీంట్ల మందు లేదత్తమ్మా."

శకుంతలమ్మ ఒకసారి మొగుడి వైపు చూసి, కోడలి చెవి దగ్గరికి వంగింది. "సమజైంది బిడ్డా. కంపెనోళ్లు ఎవ్వరికి చెప్పొద్దన్నరు గదా? నేనెందుకు చెప్త?"

"అయ్యో, అది కాదు..."

అప్పటికే ఆమె నోరు తెరిచింది. పొర నాలుక మీద వాలింది, కనబడకుండా పోయింది.

"అంగిలికి అతుక్కున్నదా?" అని అడిగింది సమత, ఎంతైనా ఉద్యోగం ఉద్యోగమే కాబట్టి.

"లేదు. సల్లగ పోయింది." శకుంతలమ్మ పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "కడుపుల గూడ సల్లగైంది బిడ్డా. ఎజ్రాను జీపు తియ్యమను."

ఎజ్రా అంటే కిరాయి జీపు డ్రైవరు. మొదటిరోజు అనుభవంతో అతను ముందు సీటు మీద ప్లాస్టిక్ కవరు పరిచి ఉంచాడు. ఆ కవరుతో పనే పడలేదు. జీపు మొదటి మలుపు తిరిగింది, రెండో మలుపు తిరిగింది, గుంతల రోడ్డు మీద పూలతోటల దాకా పోయి వచ్చింది. శకుంతలమ్మ రాయిలా నిలబడింది. నిలబడ్డమే కాదు, మైకు అందుకుంది. "బడి ముందట మోరీ ఎన్నేండ్ల నుంచి అట్లనే ఉన్నది? పడ్డ పోరగాండ్లు మీ పోరగాండ్లు గారా?" అని అడిగింది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. యాదయ్యకు వెనక నిలబడి చేతులు జోడించడం తప్ప పని లేకుండా పోయింది. సమత ల్యాబుకు ఫోన్ చేసి సెలవు పెట్టి, డబ్బాతో సహా జీపులోనే ఉండిపోయింది. అత్తగారికి ఇంకో పొర కావాలంటే ఇంకో పరీక్ష జరిగినట్టే కదా అనుకుంది. పైగా అత్తగారి మొహంలో అంత వెలుగు పెళ్లినాడు కూడా ఆమె చూడలేదు, అంటే సమత పెళ్లినాడు.

ఇక్కడే ఒక చిన్న పొరపాటు జరిగింది. ప్రతి గల్లీ మొదట్లో శకుంతలమ్మ కోడలి వైపు తిరిగి, "సమతా, ఇంకో మందు పెట్టు," అనేది. మైకు మాత్రం చేతిలోనే ఉండేది. మైకు ఆన్‌లోనే ఉండేది.

"సమతా, ఇంకో మందు పెట్టు," అని గల్లీ అంతా వినబడేది. దాని వెనకే "మందు లేదత్తమ్మా దీంట్ల!" అని కోడలి గొంతు. ఆ వెనకే, "ఆఁ ఆఁ, లేదు లేదు. జల్ది పెట్టు."

ఈ మాటలు విన్నవాళ్లలో సంగయ్య ఒకడు. సంగయ్య పగలు కొత్తిమీర కట్టలు కట్టేవాడు, పొద్దు గూకితే క్వార్టర్ పోయించే మనిషిని వెతుక్కునేవాడు. ఎన్నికల పుణ్యమా అని బెల్టు షాపుల మీద దాడులు జరిగి ఊళ్లో చుక్క దొరకడం లేదు. గొంతు ఎండిపోయి ఉన్న మనిషికి మైకులో "మందు" అనే మాట వినబడితే ఏమవుతుంది? అతను చేతిలో కట్ట వదిలేసి జీపు వెనక నడిచాడు. కళ్లారా చూశాడు. కోడలు డబ్బాలోంచి తెల్లకాగితం లాంటిది తీస్తున్నది. కత్తెరతో కత్తిరిస్తున్నది. అత్త నాలుక మీద పెడుతున్నది. పెట్టగానే, ఎన్నడూ నోరెత్తని మనిషి మైకులో ఊరినంతా నిలదీస్తున్నది.

"ఇది మందు గాక ఏంది?" అని తనను తాను అడిగాడు సంగయ్య. "సీసా కనబడొద్దని కాగితం జేసిండ్రు. కరెంటుతోని వడుకుతదని యాదన్న ఎప్పుడో చెప్పె గదా!"

మధ్యాహ్నం జీపు ఇంటికి వచ్చేసరికి సంగయ్య దొడ్డి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"కోడలా, నాకో కాగితం ఇయ్యరాదూ."

"ఇదా? దీంట్ల మందు లేదు కాకా," అంది సమత.

"ఎవలన్నరు ఉన్నదని? నేనన్ననా? లేదు. ఖతం." సంగయ్య కన్ను కొట్టాడు. "ఒకటి ఇయ్యి."

సమత అతని మొహం చూసింది. అరవై దాటిన మనిషి, పళ్లు సగమే ఉన్నాయి, బుగ్గలో తంబాకు. ఇలాంటి నోటి కోసమే కదా మేఘ మేడమ్ మొత్తుకునేది! "నోరు కడుక్కొని రా కాకా. ఇది ఉత్త జిగురు, తీపి, పుదీనా. ఇంకేం లేదు. ఇష్టమైతేనే పెట్టుకో," అని చెప్పవలసినదంతా చెప్పింది. అతను పరుగున పోయి నోరు కడుక్కొని వచ్చాడు. పొర కరిగాక, "జల్ది కరిగిందా? అతుక్కున్నదా? రుచి ఎట్లున్నది?" అని అడిగింది.

"పుదీనా వాసనొచ్చింది," అన్నాడు సంగయ్య. ఆ వాసన పోలీసోళ్లకు దొరకకుండా వేశారని అతనికి అప్పుడే తట్టింది. ఎంత తెలివి! గడప దిగుతుంటే కాలు కొద్దిగా తడబడింది. వాకిలి దాటేసరికి కూనిరాగం మొదలైంది. కరెంటు స్తంభం దగ్గరికి చేరేసరికి దాన్ని కావలించుకొని, "నువ్వొక్కదానివే నన్ను అర్థం చేసుకున్నవ్," అన్నాడు.

సాయంత్రానికి యాదయ్య దొడ్లో లైను కట్టింది. సమత ఆనందం చెప్పనలవి కాదు. పళ్లున్న నోళ్లు, లేని నోళ్లు, కట్టుడు పళ్ల నోళ్లు, తమలపాకుతో ఎర్రబడ్డ నోళ్లు అన్నీ ఒకేచోట! కత్తిరించి కత్తిరించి ఆమె వేలికి బొబ్బ వచ్చింది. ఒక్కొక్కరికీ ముందుగా, "దీంట్ల మందు లేదు పెద్దనాయినా," అని తప్పకుండా చెప్పింది. ఒక్కొక్కరూ తప్పకుండా కన్ను కొట్టారు. ఈ ఊరి పెద్దలకు కళ్ల జబ్బేదో ఉందని కూడా ఆమెకు అనుమానం వచ్చింది. వచ్చినవాళ్లు తడబడుతూ పోయారు. పాటలు పాడారు. ఒకాయన పదేళ్ల కిందటి గట్టు తగాదా గుర్తొచ్చి ఏడ్చాడు.

జీపుతో పక్క గల్లీకి పోయిన యాదయ్య తిరిగి వచ్చి దొడ్లోని జనాన్ని చూశాడు. ముందు సంతోషపడ్డాడు. తర్వాత స్తంభానికి వేలాడుతున్న సంగయ్యను చూసి హడలిపోయాడు.

"ఏందమ్మా ఇది? వీళ్లకేం పెట్టినవ్?"

"ఏం పెట్టలే మామయ్యా. ఖాళీ పొర. దీంట్ల మందు..."

"మందా! కోడ్ ఉన్నదమ్మా! ఎలక్షన్ కోడ్! ఫ్లయింగ్ స్క్వాడ్ వస్తే నామినేషన్ గంగల కలుస్తది!"

యాదయ్యకు కంగారులో తోచే ఉపాయాలు మామూలు ఉపాయాలు కావు. ఎజ్రా చేతిలోని మైకు లాక్కొని జీపు ఎక్కాడు. ఊరంతా తిరిగి, అన్ని గల్లీల్లో గొంతు చించుకున్నాడు: "యాదయ్య ఇంట్ల మందు లేదు! మేం మందు పంచుతలేం! దొడ్డి తలుపు కాడికి ఎవ్వరు రావొద్దు!"

అప్పటిదాకా సగం ఊరికే తెలుసు. మిగతా సగానికి దొడ్డి తలుపని కూడా అప్పుడే తెలిసింది. తన వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చున్న బాలరాజ్ ఈ ప్రకటన శ్రద్ధగా విని, ఫోన్ తీశాడు.

మర్నాడు ప్రచారానికి ఆఖరి రోజు. పంచాయతీ ఆఫీసు ముందు జనం పోగయ్యారు. శకుంతలమ్మ పొద్దున్నే ఒక పొర వేసుకొని, జీపు ఎక్కి, ఇంజను గుడగుడమంటున్నా చెక్కుచెదరకుండా నిలబడింది. నిన్నటి మోరీ మాట ఊళ్లోకి బాగా పోయింది. ఆడవాళ్లు పనులు మానుకొని మరీ వచ్చారు. యాదయ్య ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో జీపు పక్కనే నేల మీద నిలబడ్డాడు. భార్యకు ఏమైనా అయితే వెంటనే ఎక్కడానికి అది అనువైన చోటు. శకుంతలమ్మ మైకు అందుకొని "అక్కలారా," అన్నదో లేదో, ఫ్లయింగ్ స్క్వాడ్ బండి వచ్చి జీపుకు ఎదురుగా ఆగింది. ఆఫీసరు సారు దిగాడు, కానిస్టేబుల్ దిగాడు. వాళ్లను దారి పొడుగునా వెంటబెట్టుకొని వచ్చిన బాలరాజ్ కూడా దిగాడు.

"మందు పంచుతున్నరని ఫిర్యాదు," అన్నాడు సారు. అతని కన్ను నేరుగా సమత చేతిలోని డబ్బా మీద పడింది. "ఏంది అది?"

"ఖాళీ పొర సార్. దీంట్ల మందు లేదు."

"దీన్ని ఏమంటరు?"

"మందు పొర అంటరు సార్."

"మందు పొరల మందు లేదా?"

"దీంట్ల లేదు సార్. ఉన్నది ల్యాబుల ఉన్నది."

"అంటే ఉన్నది."

"ఉన్నది గనీ, అది వాంతుల మందు సార్."

"తాగినంక అయ్యేటియి వాంతులే గద మేడమ్?"

బాలరాజ్ మురిసిపోయాడు. "ఇంక సాక్ష్యం గావాల్నా సార్? అగో, సంగయ్య! నిన్న ఒక్క కాగితం తిని స్తంభానికి ముద్దులు పెట్టిండు. ఇప్పుడు గూడ చూడుండ్రి, నిలబడుతున్నడా?"

సంగయ్య నిజంగానే ఊగుతున్నాడు. పొద్దున ఇంకోటి పెట్టించుకున్నాడు మరి. కానిస్టేబుల్ బండిలోంచి డ్రంక్ అండ్ డ్రైవ్ మిషను తెచ్చి అతని నోటికి పెట్టాడు. సంగయ్య ప్రాణం పెట్టి ఊదాడు. సున్నా. మళ్లీ ఊదించారు. సున్నా. లైనులో నిన్న ఏడ్చిన పెద్దాయనను పిలిచి ఊదించారు. సున్నా.

"మిషను ఖరాబైనట్టున్నది," అన్నాడు బాలరాజ్.

"అట్లనా? నువ్వు తాగలే గద, నువ్వు ఊదు," అన్నాడు సారు.

బాలరాజ్ ధీమాగా ఊదాడు. మిషను కీచుమని అరిచింది. అరుపు ఆగలేదు, బటను నొక్కితే గానీ ఊరుకోలేదు.

"మిషను మంచిగనే ఉన్నది సార్," అన్నాడు కానిస్టేబుల్.

"దగ్గు టానిక్ సార్! పొద్దుగాల దగ్గు టానిక్ తాగిన!" అన్నాడు బాలరాజ్. అతనికి దగ్గు ఉన్నట్టు ప్రవీణకే తెలియదు. ఆమె కొంగు సర్దుకొని అవతలికి చూసింది.

సారుకు విషయం తేలిపోయింది. డబ్బాలోంచి ఒక ముక్క తీసి, వాసన చూసి, తొంభై దాటిన ఒక అవ్వ నోట్లో అది కరగడం కూడా చూసి, ఆమెనూ ఊదించాడు. తర్వాత శకుంతలమ్మ చేతిలోని మైకు తీసుకొని, ఊరి అనుమానం ఒక్కసారే తీర్చేద్దామని గట్టిగా చెప్పాడు: "అందరు వినుండ్రి. దీంట్ల మందు లేదు. ఏ మందూ లేదు. వట్టి పొర. ఎవ్వరికీ ఏం ఎక్కలే. మీరంతా ఉత్తగనే ఊగిండ్రు."

సంగయ్య ఊగడం ఆపాడు. అతని మొహంలో నిషా నిలువునా దిగిపోవడం అందరికీ కనబడింది. "మరి నాకు ఎక్కిందేంది?" అన్నాడు పాపం.

వెనక నుంచి అతని భార్య ముందుకు వచ్చింది. "అంటే నిన్న మా అవ్వను అన్న మాటలు తాగి అన్నయి గావన్నమాట!" అంది. ఇలాంటి నష్టం ఆ గుంపులో ఇంకా చాలామందికి జరిగింది.

సమత ఊపిరి పీల్చుకుంది. నిన్న పొద్దటి నుంచి తను చెప్తున్న ఒకే ఒక్క మాటను ప్రభుత్వమే మైకులో చెప్పింది! సంతోషంగా అత్తగారి వైపు తిరిగింది. తిరిగి చూడగానే ఆ సంతోషం కాస్తా ఎగిరిపోయింది. శకుంతలమ్మ జీపు కడ్డీని గట్టిగా పట్టుకొని ఉంది. ఇంజను ఇంకా గుడగుడమంటూనే ఉంది.

"సమతా... నిజంగనే లేదా?"

"లేదత్తమ్మా. మీకు చెప్పిన గద..."

"ఒక్కటన్నా... ఎప్పుడన్నా..."

"ఏ ఒక్కదాంట్ల లేదత్తమ్మా."

శకుంతలమ్మ మొహం తెల్లబోయింది. ఒక చెయ్యి పొట్ట మీదికి, ఒక చెయ్యి నోటి మీదికి పోయింది. ఎజ్రా ఏదో అనుమానంతో ఇంజను ఆపబోయాడు గానీ ఆలస్యమైంది. ఇదే అదను అనుకొని యాదయ్య, "నువ్వు దిగు, నేనెక్కుత," అంటూ చేతులు చాచి ముందుకు వచ్చాడు. నిన్నటి నుంచి ఆగిన వాంతంతా ఆ కొత్త తెల్లచొక్కా మీద పడింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వాలా వద్దా అని ఊరంతా బాలరాజ్ వైపు చూసింది. అతను మిషను పక్కన తలొంచుకొని నిలబడి ఉన్నాడు, ఫోను బయటికి తీసే పరిస్థితిలో లేడు. యాదయ్య తన చొక్కాను చూసుకున్నాడు. చేతులు అలాగే చాచుకొని, ఎవరికీ తగలకుండా ఇంటి దారి పట్టాడు.

సమతకు ఏడుపు వచ్చింది. మాట వరసకు ఒక్క అబద్ధం, "ఉన్నదత్తమ్మా" అని ఒక్క అబద్ధం చెప్పి ఉంటే ఏం పోయేది? నీళ్ల సీసా అందించింది. శకుంతలమ్మ పుక్కిలించి, కొంగుతో మూతి తుడుచుకొని, జీపు దిగింది. ఇంటికి పోతుందనే అందరూ అనుకున్నారు. ఆమె సారు చేతిలోంచి మైకు తిరిగి తీసుకుంది.

"సారు చెప్పింది విన్నరు గద? దీంట్ల మందు లేదంట." డబ్బా వైపు చెయ్యి చూపింది. "నిన్నటి నుంచి మందే మాట్లాడుతున్నదనుకున్న. మీరూ అట్లనే అనుకున్నరు. కాదంట. మాట్లాడింది నేనేనంట."

ఆ మాట ఆమెకే కొత్తగా వినబడింది.

"ఇగ నాకు ఈ బండొద్దు. నడుస్త. మోరీ కాడికి పోదాం రాండ్రి, ఎన్ని బండలు పడ్తయో చూసొద్దాం."

మైకును ఎజ్రా చేతిలో పెట్టి నడక మొదలుపెట్టింది. మొదట సమత వెంట నడిచింది. తర్వాత సంగయ్య భార్య వచ్చింది, మొగుడి సంగతి సాయంత్రం చూసుకుందామని. ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో చెప్పడం కష్టం. ఆడవాళ్లు మోరీ చుట్టూ చేరి, జానలతో కొలిచి, ఏ చోట ఎవరి పిల్లాడు పడ్డాడో చెప్పుకున్నారు. ఖాళీ జీపు వెనకే మెల్లగా వచ్చింది. యాదయ్య వేరే చొక్కా వేసుకొని వచ్చేసరికి పంచాయతీ ముందు స్క్వాడ్ వాళ్లు తప్ప ఎవరూ లేరు. కానిస్టేబుల్ తప్పుడు ఫిర్యాదు కింద బాలరాజ్ పేరు రాసుకుంటున్నాడు. సారు మాత్రం డబ్బా స్వాధీనం చేసుకొని, ఏమీ లేని దాన్ని ఏమని రాసి సీలు వేయాలో తెలియక బండిలో కూర్చొని తల పట్టుకున్నాడు.

శకుంతలమ్మ గెలిచింది. ఘన విజయమేమీ కాదు, బాలరాజ్ మళ్లీ లెక్కపెట్టమంటే రెండోసారి లెక్కపెట్టారు. అయినా గెలిచింది. మోరీ మీద బండలు పరిచిన రోజు దగ్గరుండి, పక్కన నిలబడ్డ యాదయ్యకు సిమెంటు బకెట్ పట్టుకునే పని అప్పజెప్పింది. అతను మంచిగానే పట్టుకున్నాడు.

ల్యాబులో మేఘ మేడమ్ మాత్రం పూర్తిగా సంతోషపడలేకపోయింది. "పెద్దోళ్ల నోట్లో అతుక్కోలేదు, మంచిదే. కానీ ఖాళీ పొరతోనే వాంతులు ఆగినయా? అయితే మన మందు పొర దీనికంటె బాగ పనిచెయ్యాలె గద సమతా. పెద్ద పోటీనే తెచ్చిపెట్టినవ్," అంది. సమత తల వంచుకొని, ఇంకో డబ్బా ఖాళీ పొర అడిగి తెచ్చుకుంది.

ఆ వారమే కొత్త సర్పంచులకు చేవెళ్లలో మీటింగు పెట్టారు. పొద్దున్నే జీపు వచ్చి వాకిట్లో ఆగింది. శకుంతలమ్మ కొత్త చీర కట్టుకొని, వంటింట్లోకి వచ్చి, అటూ ఇటూ చూసి, కోడలి ముందు నోరు తెరిచింది.

"ఆ మందు లేని మందు ఒకటి పెట్టు బిడ్డా."

"అత్తమ్మా, దాంట్ల ఏం లేదని ఇప్పుడు మీకు తెల్సు గద?"

"నాకు తెల్సు," అంది సర్పంచ్ శకుంతలమ్మ. "నా కడుపుకు చెప్పకు."